మూత పెట్టాకే అసలు పని: హనుమకొండలో అల్లం సోడా సీసాలు పగిలిన కేసు

పోయిన మే నెలలో ఒక రాత్రి రెండున్నరకు మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, స్టోర్ రూముల సీసాలు పేలుతున్నయ్. రెండు అయిపోయినయ్, ఇంకోటి ఇప్పుడే పోయింది. లోపలికి పోవాల్నా వద్దా?" అని. పోవద్దు, తలుపు మూసెయ్, పక్క గదిలో పడుకున్న పిల్లలను ముందు గదిలోకి మార్చు, నేను వస్తున్నా అన్నాను. వాళ్లది నయీంనగర్, మాది సుబేదారి, ఆ వేళకు బండి మీద పది నిమిషాలు కూడా పట్టదు. నేను వెళ్లేసరికి మొత్తం ఐదు పగిలాయి. ఇంకా ముప్పై ఒకటి లోపల ఉన్నాయి.

అవి వాళ్ల బిడ్డ ఓణీల ఫంక్షన్ కోసం ఇంట్లో చేసిన అల్లం సోడా సీసాలు. యంత్రంతో గ్యాస్ ఎక్కించిన సోడా కాదు. అల్లం, చక్కెర కలిపి పులియబెట్టిన తోడును అల్లం కషాయంలో కలిపి, సీసాలో పోసి మూత బిగిస్తే, అది పులియడంతోనే సీసాలో గ్యాస్ పుట్టి పొంగు వస్తుంది. ఎలా చేయాలో చెప్పింది నేనే. అందుకే ఈ కేసు మొత్తం దాచకుండా రాస్తున్నాను. ఇలాంటివి ఇంట్లో చేసేవాళ్లు ఇప్పుడు పెరిగారు, సీసాలో పోసేదాకా ఎలా చేయాలో అందరూ చెబుతున్నారు కానీ మూత పెట్టాక ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు తక్కువ.

ముందు నా సంగతి చెప్పాలి. నేను దక్షిణ జర్మనీలో కొన్నేళ్లు ఒక డ్రింక్స్ ఫ్యాక్టరీ బాట్లింగ్ సెక్షన్‌లో పనిచేశాను. ఇంటి కింద సెల్లార్‌లో లాగర్ బీరు కూడా కాచేవాడిని. అక్కడ నేనున్న రోజుల్లో ఇంటి అవసరానికి ఏటా 200 లీటర్ల వరకు పన్ను లేకుండా కాచుకోవచ్చు, ముందుగా కస్టమ్స్ ఆఫీసుకు చెబితే చాలు. మన దగ్గర లైసెన్స్ లేకుండా బీరు కాచడం నేరం, కాబట్టి తిరిగొచ్చాక ఆ పని మానేశాను. కానీ సీసాలో పొంగు తెప్పించే విద్య చేతిలో ఉండిపోయింది, దాన్ని అల్లం సోడాకు వాడుతున్నాను.

ఇక ఆ రాత్రి. గదిలోకి వెంటనే పోలేదు. లోపల వేడి ఎంతుందో తలుపు సందులోంచి మొహానికి కొట్టే గాలిలోనే తెలిసింది, ఎందుకంటే అది మేడ మీద స్లాబు కింద గది, పగలంతా కాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని కిందికి దింపుతూనే ఉంటుంది. కిటికీ దగ్గర కూలర్ పెట్టి లోపలికి గాలి తిప్పాం. ఐసు తెచ్చి మీద పోద్దామన్నాడు బామ్మర్ది, వద్దన్నాను. ఒత్తిడి మీదున్న వేడి గాజు మీద ఒక్కసారిగా చల్లదనం పడితే అదే పగలడానికి కారణం అవుతుంది. తెల్లవారాక నేను హెల్మెట్, జీన్ జాకెట్, తోలు గ్లవుజులు వేసుకుని వెళ్లి, తడిపిన గోనె సంచులు సీసాల మీద కప్పి, గంటన్నర ఆగి, ఒక్కో సీసా మూతను మందపాటి తువాలు చుట్టి కొద్దికొద్దిగా వదిలాను. సీసాను కదిలించకుండా, ఉన్నచోటే. ఇంట్లో ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే ఈ వరుసే పాటించండి, పేలుతున్న గదిలోకి సీసాలు కాపాడుకుందామని మాత్రం పోకండి. మా వాళ్ల పాతిక కిలోల బియ్యం సంచికి నిలువునా చీలిక పడింది, వేలెడు గాజు ముక్క ఒకటి ప్లాస్టిక్ డ్రమ్ము మూతలో నిటారుగా దిగబడి ఉంది. నేలంతా జిగటగా ఉంటే, గడప నుంచి బియ్యం సంచి దాకా చీమలు అప్పటికే బారు కట్టాయి. ఆ బియ్యం మొత్తం పారబోయించాను, గాజు పొడి పడ్డ గింజలను జల్లెడ పట్టి వాడుకోవడం మంచిది కాదు.

గ్యాస్ వదిలిన సీసాల్లోంచి ఒక గ్లాసు తీసి, గ్యాస్ పూర్తిగా పోయేదాకా గిలకొట్టి, హైడ్రోమీటర్ వేశాను, నీళ్లను 1 అనుకుంటే చక్కెర కలిసిన ద్రవం ఎంత బరువో చూపే పరికరం అది. లీటరుకు 80 గ్రాముల చక్కెర వేసి చేసిన సోడా అది, అంటే మొదట్లో 1.031 ఉండాలి. ఇప్పుడు 1.022 ఉంది. పుట్టిన ఆల్కహాల్ కూడా ఆ రీడింగును కిందికి లాగుతుంది కాబట్టి అది తీసేసి లెక్క వేస్తే, లీటరుకు సుమారు 20 గ్రాముల చక్కెరను ఈస్ట్, అంటే తోడులో ఉండి పులియబెట్టే సూక్ష్మజీవి, తినేసింది. తిన్న చక్కెరలో సుమారు సగం బరువు గ్యాస్, సగం బరువు ఆల్కహాల్. అంటే లీటరుకు పది గ్రాముల గ్యాస్, సోడా భాషలో చెప్పాలంటే ఐదు వాల్యూములు, అంటే ప్రతి లీటరు సోడాలో ఐదు లీటర్ల గ్యాస్. మామూలు బీరులో రెండున్నర ఉంటుంది, కూల్‌డ్రింకుల్లో మూడున్నర, నాలుగు దాకా ఉంటుంది.

అసలు ప్రమాదం గ్యాస్ ఎంతుందన్నదొక్కటే కాదు, ఆ గ్యాస్ ఏ వేడిలో ఉందన్నది. నీళ్లు చల్లగా ఉంటే గ్యాస్‌ను తమలో పట్టుకుంటాయి, వేడెక్కితే వదిలేస్తాయి, వదిలిందంతా మూత కింద ఒత్తిడిగా మారుతుంది. రెండున్నర వాల్యూముల గ్యాస్ ఉన్న సీసాను ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర పెడితే లోపలి ఒత్తిడి, టైరు గాలి కొలిచే లెక్కలోనే, సుమారు 11 పీఎస్ఐ. అదే సీసా, అదే గ్యాస్, 30 డిగ్రీల దగ్గర 40 పీఎస్ఐ, 40 డిగ్రీల దగ్గర 54. కారు టైరులో ఉండేది 32 అటూఇటూ. ఇప్పుడు ఐదు వాల్యూములను 38 డిగ్రీల గదిలో ఊహించండి, లెక్కకు వంద పీఎస్ఐ దాటుతుంది. దానికి తోడు మా వాడు కొన్నవి చూడ్డానికి బాగుంటాయని నాలుగు పలకల సీసాలు. గుండ్రటి సీసాలో ఒత్తిడి చుట్టూ సమానంగా పంచుకుంటుంది, పలకల సీసాలో మూలల దగ్గరే పడుతుంది. పగిలిన ఐదూ మూల వెంటే చీలాయి. అలాంటివి నూనెకు, షర్బత్‌కు, ఇంట్లో అలంకారానికి చేసినవి, వాటికి లాకు మూత ఉన్నంత మాత్రాన పొంగే డ్రింకులు పోయకూడదు.

ఇంకొక సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. తిన్న చక్కెరలో మిగతా సగం ఆల్కహాల్ అన్నాను కదా, ఆ సీసాల్లో అది సుమారు 1.2 శాతం అయింది. మన ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం 0.5 శాతం దాటితే అది ఆల్కహాల్ డ్రింకే. ఫంక్షన్‌లో చిన్న పిల్లల చేతికి ఇద్దామని చేసిన సోడా అది. పేలకపోయి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

తప్పు ఎక్కడ జరిగింది? "సీసాలో పోశాక మూడు రోజులు బయట ఉంచు, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టు" అని నేను చెప్పాను. మా వాడు అక్షరం పొల్లు పోకుండా అదే చేశాడు, ఇంకా మూడో రోజు కూడా పూర్తికాలేదు. నా మాటలోనే లోపం ఉంది. 18 డిగ్రీల సెల్లార్‌లో నడిచిన మూడు రోజులను, మే నెల వరంగల్‌లో స్లాబు కింద గదికి అప్పజెప్పాను. ఆ వేడిలో ఈస్ట్ ఎన్నో రెట్లు వేగంగా తింటుంది, రోజుల లెక్క అక్కడ పనికిరాదు.

కానీ రోజులు సరిచేస్తే సరిపోతుందా అంటే సరిపోదు, అసలు తేడా ఇంకా లోపల ఉంది. లాగర్ సీసాలో పోసే సమయానికి అందులో ఈస్ట్ తినగలిగిన చక్కెర అంతా అయిపోయి ఉంటుంది. అప్పుడు లీటరుకు ఆరేడు గ్రాముల చక్కెర కొలిచి వేసి మూత పెడతాం. ఈస్ట్ దాన్ని తింటుంది, పొంగు వస్తుంది, తర్వాత తినడానికి ఏమీ ఉండదు, ఆగిపోతుంది. ఫ్రిజ్ చెడిపోయినా, కరెంటు పోయినా కొత్త గ్యాస్ పుట్టదు. అల్లం సోడా అలా కాదు, తీపి కోసం వేసిన 80 గ్రాములూ సీసాలోనే ఉంటాయి, పొంగు రావడానికి 8 గ్రాములు చాలు. మిగతా 72 గ్రాములు ఈస్ట్ పక్కనే ఉంటాయి, దాన్ని ఆపేది చల్లదనం ఒక్కటే. మొత్తం తింటే ఇరవై వాల్యూములు, దాన్ని తట్టుకునే సీసా లేదు. ఎండాకాలం ఒక్క రాత్రి కరెంటు పోతే చాలు.

లాగర్ అన్న పేరు జర్మన్‌లో నిల్వ పెట్టడం అన్న మాట నుంచే వచ్చింది. దక్షిణ జర్మనీలోని బవేరియాలో 1553లో డ్యూక్ ఐదవ ఆల్బ్రెక్ట్ ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాచకూడదని ఉత్తర్వు ఇచ్చాడు, వేసవిలో కాచింది పాడైపోతుందని. అందుకని మార్చిలో కాచి, కొండల్లో తవ్విన సెల్లార్‌లలో ఐసు మధ్య దాచేవారు, పైన నేల వేడెక్కకుండా నీడ కోసం చెస్ట్‌నట్ చెట్లు నాటేవారు. 1870లలో కార్ల్ ఫాన్ లిండె శీతల యంత్రం మ్యూనిక్ బ్రూవరీకి వచ్చాకే వేసవి కష్టం తీరింది. అక్కడి వేసవికే అంత జాగ్రత్త పడ్డారు, మన వేసవి సంగతి వేరే చెప్పాలా.

చల్లదనం కూడా ఎప్పుడంటే అప్పుడు పనికిరాదు. జర్మనీలో నా మొదటి లాగర్ సీసాలను మూత పెట్టిన రోజే తీసుకెళ్లి 3 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టాను, చల్లగా నిల్వ పెట్టేదే లాగర్ కదా అని. నాలుగు వారాల తర్వాత తెరిస్తే చప్పుడే లేదు, పొంగు లేదు, పంచదార నీళ్ల తీపి తగులుతోంది. ఈస్ట్ చలికి పడుకుండిపోయింది. ఆ సీసాలను పైకి తెచ్చి వంటింట్లో 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే పొంగు వచ్చింది, అప్పుడు మళ్లీ చల్లటి చోట ఆరు వారాలు పెడితే పచ్చి ఆపిల్ వాసన పోయి, రుచి నెమ్మదించి, అడుగున మడ్డి గట్టిగా కూర్చుంది. ముందు వెచ్చగా, పొంగు వచ్చేదాకా. తర్వాత చల్లగా, మాగేదాకా. ఆవకాయ కలిపిన రోజు తింటే కారం వేరు, ఉప్పు వేరు, నూనె వేరు తగులుతాయి, ఊరాక అన్నీ ఒకటవుతాయి. సీసాలో లాగర్‌కు జరిగేది కూడా అలాంటిదే, ఆ ఓపిక లేకపోతే లాగర్ జోలికి పోకూడదు.

ఫంక్షన్‌కు ఇంకా పన్నెండు రోజులు ఉంది. మానేద్దాం బావా, కూల్‌డ్రింకులు తెద్దాం అన్నాడు వాడు. మా మరదలు పిల్లల దగ్గర ఇక ఆ సీసాలు వద్దే వద్దంది, ఆమె భయం న్యాయమైనదే. నేను ఒక్క రోజు ఆలోచించుకుంటానన్నాను. చౌరస్తా దగ్గర సోడా బండి ముందు నిలబడి నిమ్మకాయ సోడా తాగుతుంటే దారి అక్కడే కనపడింది. బండి అతను గ్లాసులో ముందు నిమ్మరసం, చక్కెర పాకం, ఉప్పు వేసి, పైనుంచి సోడా కొట్టాడు. తీపి గ్లాసులో ఉంది, సీసాలో లేదు. మన సోడా బండ్లన్నీ ఎప్పటినుంచో చేసేది ఇదే. అల్లం సోడాను కూడా లాగర్ లాగా, ఆగిపోయేలా చేయాలంటే సీసాలో పొంగుకు చాలినంత చక్కెర మాత్రమే పెట్టి, తీపి పాకాన్ని వేరే సీసాలో ఉంచి, పోసేటప్పుడు కలపాలి.

రెండోసారి లెక్క ఇలా వేశాను. లీటరు నీళ్లకు 60 గ్రాముల అల్లం దంచి మరిగించి, వడగట్టి, చల్లార్చాను. అల్లంలోనే ఉండే చక్కెర లీటరుకు ఒక గ్రాము దాకా వస్తుంది. తోడు లీటరుకు 20 మిల్లీలీటర్లే, దాంతో వచ్చేది ఇంకో గ్రాము అనుకున్నాను. పైన కొలిచి వేసింది 6 గ్రాములు. మొత్తం 8 గ్రాములు, అంతా తిన్నా రెండు వాల్యూములు, ఆల్కహాల్ 0.5 శాతం అంచున. గ్లాసులో నాలుగు వంతుల సోడాకు ఒక వంతు పాకం కలిపితే అది 0.4కు దిగుతుంది. పొంగు ఇంకా కావాలంటే ఈ పద్ధతిలో కుదరదు, పొంగూ ఆల్కహాల్ జంటగా పుడతాయి కాబట్టి ఒకటి పెంచితే రెండోదీ పెరుగుతుంది. రెండు వాల్యూములు నాలుకకు చాలు అని నా అభిప్రాయం. చక్కెరను చెంచాతో కాదు, వంటింటి డిజిటల్ తూకం మీద కొలిచాను. ఒక్కో సీసాలో విడిగా వేయలేదు, మొత్తం చక్కెరను కొద్ది నీళ్లలో మరిగించి గిన్నెలో పోసి, నురగ రాకుండా నెమ్మదిగా కలిపాక సీసాల్లో నింపాను. విడిగా వేస్తే ఒక సీసాలో తక్కువ, ఒక సీసాలో డబుల్ పడతాయి, ఆ డబుల్ పడ్డదే పేలేది.

సీసాల దగ్గర మా అత్తమ్మ మంచి ప్రశ్న అడిగింది. "గోలీ సోడా సీసాలల్ల పోస్తే అయిపోవు గద అల్లుడా, అవి మందంగ ఉంటయి." మందమే, నిజమే. కానీ గోలీని నోటి దగ్గర రబ్బరుకు నొక్కి పట్టేది లోపలి గ్యాస్. యంత్రంలో సీసాను తలకిందులు చేసి గ్యాస్ ఎక్కించినప్పుడే అది అతుక్కుంటుంది. మన సోడాలో మొదటి రోజు గ్యాసే ఉండదు, గోలీ కిందే ఉంటుంది, పుట్టిన గ్యాస్ పుట్టినట్టే పోతుంది. అందుకని కూల్‌డ్రింకుల ప్లాస్టిక్ సీసాలే ఎంచుకున్నాను, 600 మిల్లీలీటర్లవి, ఒక్కసారి వాడి బాగా కడిగినవి. నీళ్ల సీసాలు కాదు, అవి పలుచన. కూల్‌డ్రింకుల సీసా ఇంకా ఎక్కువ గ్యాస్‌కు చేసింది, ఒకవేళ పోయినా గాజులా ముక్కలై ఎగరదు. మూత నుంచి రెండు వేళ్ల ఖాళీ వదిలి నింపాం. గాజులో లాగర్ అయితే గోధుమరంగు సీసానే వాడతారు, ఎండ తగిలితే బీరులో చేదు కోసం వేసే హాప్స్ పువ్వులు చెడు వాసన కొడతాయి కాబట్టి. అల్లంలో హాప్స్ లేవు, ఆ బెంగ లేదు.

ఒక సీసా మూతను మాత్రం మా వీధి పంక్చర్ షాపుకు తీసుకెళ్లాను. ట్యూబ్‌లెస్ టైరు వాల్వును ప్లాస్టిక్ మూతకు రంధ్రం చేసి లోపలినుంచి బిగించి ఇచ్చాడు. సబ్బు నీళ్లు రాసి చూశాడు, బుడగ రాలేదు. దాని మీద టైరు గాలి చూసే మీటరు పెడితే సీసా లోపలి ఒత్తిడి తెలిసిపోతుంది. నేను వాడిన పరికరాలన్నింటిలో దీన్ని మించింది లేదు, రోజులు లెక్కపెట్టే అవసరం లేకుండా చేసింది.

ఈసారి కింది అంతస్తులో, వంటింటి పక్క చీకటి మూల, పగలు 34, రాత్రి 32 డిగ్రీలు. ఒక మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో సీసాలు నిలబెట్టాం. శుక్రవారం సాయంత్రం ఏడింటికి మూతలు బిగించాం, మీటరు సున్నా. శనివారం పొద్దున 11. శనివారం రాత్రి 22. ఆదివారం మధ్యాహ్నం 28. ఆదివారం రాత్రి 30. సోమవారం పొద్దున మళ్లీ 30. లెక్క ప్రకారం ఆ వేడిలో రెండు వాల్యూములకు 33 దగ్గర రావాలి, సీసా పైన ఖాళీలోకి కొంత గ్యాస్ పోతుంది కాబట్టి 30 అంటే సరిపోయింది. ఆ రెండో 30 చూసినప్పుడే నాకు మనసు కుదుటపడింది. మా మరదలికి పిలిచి చూపించాను, రాత్రికీ పొద్దుటికీ ముల్లు కదలలేదు చూడు, లోపల తినడానికి ఏమీ లేదు అని. ఆమె ఇంకో పూట ఆగి తనే మళ్లీ మీటరు పెట్టి చూసింది. అప్పుడు సరేనంది.

అంతటితో నమ్మకుండా ఒక పని చేశాను. వాల్వు మూతను తెరవకుండానే ఆ సీసాను డ్రమ్ములో పెట్టి మేడ మీద అదే స్టోర్ రూములోకి పంపాను. మధ్యాహ్నం 39 డిగ్రీల దగ్గర 37 చూపింది, తెల్లవారుజామున చల్లబడ్డాక మళ్లీ 32 దగ్గరికి వచ్చింది. ఐదు రోజులు అలాగే పగలు ఎక్కింది, రాత్రి దిగింది, ఏ రోజు కూడా ముందు రోజును దాటలేదు. వేడితో మారేది ఒత్తిడి మాత్రమే, గ్యాస్ పెరగడం లేదు.

మిగతా సీసాలను సోమవారమే తెలిసిన కిరాణా షాపు గ్లాసు తలుపు ఫ్రిజ్‌లో కింది అరలో నిలబెట్టాం. అడ్డంగా పడుకోబెట్టకూడదు, మడ్డి పక్క గోడకు పడితే పోసేటప్పుడు అంతా లేస్తుంది. మొదటి రోజు రుచి చూస్తే అల్లం ఘాటు గొంతులో గుచ్చింది, పులిసిన పిండి వాసన పైకి తేలింది, పొంగు పెద్ద పెద్ద బుడగలతో గ్లాసులోంచి ఒక్కసారిగా పోయింది. నాలుగో రోజుకు సోడా తేటపడింది, అడుగున గోరంత మందాన తెల్లటి పొర కూర్చుంది. బుడగలు చిన్నవై, గ్లాసు అడుగునుంచి సన్నగా వరుసగా లేస్తున్నాయి. చల్లటి నీళ్లు గ్యాస్‌ను నిదానంగా లోపలికి తీసుకుంటాయి, గంటా రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి తెరిస్తే ఆ గ్యాస్ ఇంకా సరిగ్గా ఇమడక నురగగా పైకి వస్తుంది. కనీసం రెండు రాత్రులు చల్లగా ఉండాలి, నాలుగైతే మంచిది.

పాకంలో ఆ ఈస్ట్ పడకుండా విడిగా మరిగించి విడి సీసాల్లో పోశాం, నిమ్మరసం మాత్రం ఫంక్షన్ రోజే పిండాం. థర్మోకోల్ పెట్టెల్లో ఐసు మధ్య సీసాలు పెట్టి, ఒకరు గ్లాసులో పాకం పోస్తే ఒకరు సోడా పోశారు, సీసాలో చివరి వేలెడు మడ్డిని పోయకుండా పక్కన పెట్టేశారు. సీసా పూర్తిగా వంచాలనుకునే వాళ్లతోనే కాసేపు ఇబ్బంది పడ్డాం.

నాలుగు సీసాలు మిగిలాయి, వాటిని మా ఇంటి ఫ్రిజ్‌లో వెనక్కి తోశాను. ఆషాఢంలో బోనాల రోజు చివరిదాన్ని చేత్తో నొక్కి చూస్తే మొదటి వారం ఎంత గట్టిగా ఉందో అంతే గట్టిగా ఉంది. తెరిస్తే పొంగు సరిగ్గానే ఉంది, అల్లం ఘాటు మాత్రం చాలా తగ్గింది. అందుకే ఇప్పుడు అల్లం సోడాను మూడు వారాలకు మించి ఉంచడం లేదు, నిల్వతో లాగర్ బాగుపడినట్టు ఇది బాగుపడదు.